తవుడు కదులుతోందా? ఇంట్లో పెంచే మీల్‌వార్మ్స్‌లో మైట్లు: అపోహలు - వాస్తవాలు

వానలు పడ్డాయంటే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచీ, బరంపురంలో ఉన్న మనవాళ్ల నుంచీ నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే మాట: "అన్నా, ట్రేలో తవుడు కదులుతోంది, ఏటి చెయ్యమంటావ్?" నాటుకోడి పిల్లలకో, అక్వేరియంలో అరోవానాకో పెట్టడానికి మీల్‌వార్మ్స్ (తవుడులో పెరిగే పిల్ల పురుగులు, పెద్దవయ్యాక బీటిల్ అనే పెంకు పురుగులవుతాయి), కీచురాళ్లు ఇంట్లోనే పెంచుకోవడం చాలా మంచి పని. కానీ మైట్లు (ఆ తవుడులో చేరే, కంటికి సరిగ్గా ఆనని సన్న జీవులు) కనబడగానే ఎవరో చెప్పిన మందు చల్లేసి, నెలల తరబడి పెంచుకున్న కాలనీని ఒక్క రోజులో పోగొట్టుకుంటుంటే బాధేస్తుంది. అందుకే ఎక్కువగా వినపడే మాటలు తీసుకుని రాస్తున్నాను.

అపోహ: ట్రేలో కదిలే సన్న పురుగు ఏదైనా మైటే

ముందు సరిగ్గా చూడండి. ముట్టుకుంటే గెంతేది స్ప్రింగ్‌టెయిల్, తడి కొబ్బరి పొట్టులో బూజు తిని బతుకుతుంది, దాన్ని వదిలేయండి. తవుడు మీద గబగబా పరిగెడుతూ, భూతద్దంలో తల, పొడుగాటి మీసాలు విడిగా కనిపిస్తే అది బుక్‌లౌస్. మైటు అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది, తెల్లటి చుక్కలా నెమ్మదిగా పాకుతుంది, పెద్దవాటికి ఎనిమిది కాళ్లు. అనుమానం తీరాలంటే రాత్రి పడుకునే ముందు ట్రేలోని తవుడు ఒక చెంచా తీసి నల్ల కాగితం మీద కుప్పగా పోసి వదిలేయండి. పొద్దున్నకి ఆ కుప్ప దానంతట అదే చదునైపోయి, చుట్టూ లేత గోధుమ రంగు పొడి పరుచుకుని, ఆ పొడి మెల్లగా జరుగుతూ కనబడితే మైట్లే. కొంచెం వేళ్ల మధ్య నలిపితే పుదీనాని తలపించే ఘాటు వాసన కూడా రావచ్చు.

అపోహ: ఇవి పురుగుల రక్తం తాగుతాయి, కోడిపిల్లకి పెడితే దానికీ అంటుకుంటాయి

కోళ్ల గూట్లో రాత్రిపూట రక్తం తాగే ఎర్ర మైటు వేరు. తవుడులో పెరిగే ఎకారస్ సైరో, టైరోఫాగస్ జాతులు బూజు, తవుడు పొడి, చచ్చిన పురుగులు తింటాయి. బీటిల్ ఒంటికి గుత్తులుగా అతుక్కుని కనిపించేవి చాలాసార్లు తిండి తినని ఒక దశలో ఉన్న మైట్లు, పొడి వాతావరణాన్ని కూడా ఓర్చుకుని ఇంకో చోటికి వెళ్లడానికి బీటిల్ మీద సవారీ చేస్తాయంతే. అలాగని వదిలేయకూడదు, ఎక్కువైతే తిండికి పోటీ వస్తాయి, పురుగుల గుడ్లను కూడా పాడుచేస్తాయి, కుబుసం విడిచే సమయంలో మెత్తగా ఉన్న పురుగుని ఇబ్బంది పెడతాయి. జల్లెడ పట్టేటప్పుడు మనకి చేతులు దురద పెడతాయి, ఆస్తమా ఉన్నవాళ్లు మాస్క్ లేకుండా ఆ పని చేయకండి.

కోడిపిల్లల విషయంలో నాకు అసలు టెన్షన్ బూజుతోనే. మైట్లు పెరిగేంత తేమ ఉన్న తవుడులో బూజు కూడా ఉంటుంది, కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ తయారుచేస్తాయి, కోడిపిల్లలకీ, అంతకంటే ఎక్కువగా బాతుపిల్లలకీ అది విషం.

అపోహ: మందు కొడితే పోతాయి

పురుగుమందుకి మైటు చచ్చినా చావకపోయినా మీల్‌వార్మ్ మాత్రం చస్తుంది, మిగిలినవి తిన్న కోడిపిల్లల కడుపులోకి ఆ మందు పోతుంది. "వేపపొడి సహజమే కదా" అంటారు, వేపలో ఉండే అజాడిరక్టిన్ పురుగుని కుబుసం విడవనివ్వదు. నాఫ్తలీన్ ఉండలు అసలే వద్దు. డయటమేషియస్ ఎర్త్ (సన్నటి శిలాజ మట్టి పొడి) కూడా ట్రే లోపల వేస్తే రెండింటినీ ఎండబెట్టి చంపుతుంది.

మైటు నీళ్లు తాగడం కంటే గాలిలోని తేమని ఒంట్లోకి పీల్చుకునే బతుకుతుంది. తేమ 60 శాతం కంటే తక్కువలో కొన్నాళ్లు నిలిస్తే ఎండిపోతుంది. ఉద్దానంలో సముద్రపు గాలికి ఆగస్టు, సెప్టెంబరుల్లో తేమ దానికంటే చాలా పైనే ఉంటుంది, అప్పుడు గుడ్డు నుంచి పెద్ద మైటు కావడానికి రెండు వారాలు చాలు. మీల్‌వార్మ్‌కి మాత్రం పొడి తవుడు, రోజూ ఒక క్యారెట్ ముక్క ఉంటే సరిపోతుంది. మనకి ఉన్న వీలు ఇదే.

కాబట్టి ముందు ట్రేలో ఉన్న కూరగాయ ముక్కలన్నీ తీసేయండి. పురుగుల్ని జల్లించి, చల్లటి నీళ్లలో ఒకసారి కడిగి, గుడ్డ మీద పరిచి ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనివ్వండి, తర్వాతే కొత్త తవుడులో వేయండి. సరిపడా పురుగులు ఉంటే పాత బీటిల్స్ మీద ఆశ పెట్టుకోవద్దు, రెక్కల కింద మైట్లు దాక్కుంటాయి. పాత తవుడు కవర్లో మూటగట్టి ఆ గదిలోంచి బయటికి పంపేయండి, ట్రేని మరిగే నీళ్లతో కడిగి ఎండలో పెట్టండి. ఇకపై తవుడు రెండు అంగుళాల లోతు దాటకూడదు, మూత బదులు సన్న మెష్, ముక్కని చిన్న ప్లాస్టిక్ మూతలో పెట్టి మర్నాడు పొద్దున్నే తీసేయాలి. స్టాండు కాళ్లకి వేసలీన్ పూస్తే ఇంకో చోటి నుంచి పాకి రావు. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొనుక్కోండి, ఖరీదు తక్కువే.

అపోహ: మిల్లు నుంచి తెచ్చిన తాజా తవుడు కాబట్టి భయం లేదు

మైట్లు చాలావరకు వచ్చేది దాంట్లోనే. మే ఎండలో టార్పాలిన్ మీద పల్చగా పరిస్తే పని జరుగుతుంది, ముసురు పట్టినప్పుడు మూకుడులో చెయ్యి పెట్టలేనంత వేడెక్కేదాకా వేయించి, చల్లారాక గాలి చొరని డబ్బాలో పోయండి. డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచినా సరే, కరెంటు మధ్యలో పోకపోతే. వరి తవుడు త్వరగా కంపు కొడుతుంది, నేనైతే గోధుమ తవుడే వాడమంటాను.

అపోహ: ఫ్రిజ్‌లో పెడితే మైట్లు చస్తాయి

చావవు. ఎకారస్ ఫ్రిజ్ చలికి చాలావరకు తట్టుకుంటుంది, నెమ్మదిగా పెరుగుతుంది కూడా. ఆగిపోయేది మీల్‌వార్మ్ ఎదుగుదలే.

కీచురాళ్లు పెంచేవాళ్లకి

ఇక్కడ ఎండబెట్టే మాట కుదరదు, గుడ్లకి తడి కొబ్బరి పొట్టు కావాలి. పొట్టు మన దగ్గర కొదవ లేదు కాబట్టి పొదుపు చేయకండి: మరిగే నీళ్లు పోసి చల్లార్చి వాడండి, గుడ్లు పెట్టాక గిన్నెని పెద్దవాటి దగ్గర నుంచి తీసి వేరే డబ్బాలో పెట్టండి, పిల్లలు బయటికొచ్చాక ఆ పొట్టు పారేయండి. స్ట్రాటియోలెలాప్స్ అనే వేటాడే మైటు ఇలాంటి తడి పొట్టులో సాయపడుతుంది, పొడి తవుడులో బతకదు.

ఎవరి దగ్గరైనా కొత్త కాలనీ తెచ్చుకుంటే వాళ్లిచ్చిన తవుడు అప్పుడే వదిలించుకుని, మీ ట్రేలు లేని గదిలో మూడు నాలుగు వారాలు విడిగా ఉంచండి. ఈలోపు రెండుసార్లయినా నల్ల కాగితం పరీక్ష చేసి చూడండి.