తూటికాడ: అపోహలు, వాస్తవాలు

గోదావరి డెల్టాలో పంట కాలువల గట్ల మీద, మురుగు కాలువల ఒడ్డున గుబురుగా పెరిగి లేత ఊదారంగు గరాటు పూలు పూసే పొదను కొందరు తూటికాడ అనీ, కొందరు లొట్టపీసు అనీ అంటారు. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చిన ఈ మొక్కను గట్ల మీద నుంచి తీయించే పనిలో ఏళ్ళుగా ఉన్నందువల్ల, రైతుల నోట తరచుగా వినే కొన్ని మాటలను ఇక్కడ సరిచూస్తున్నాను.

అపోహ: తూటికూర, తూటికాడ ఒకటే.

వాస్తవం: రెండూ చిలగడదుంప కుటుంబానివే, రెండింటి కాడలూ బోలుగానే ఉంటాయి, తుంచితే రెండింటిలోనూ పాలు కారతాయి. అందుచేత పాలను చూసి పోల్చుకోకూడదు. తూటికూర నీటి మీదా బురద మీదా పాకుతుంది. తూటికాడ తనంత తానుగా నిలబడి మనిషి ఎత్తును దాటుతుంది, మొదలు మానుకడుతుంది, ఆకు హృదయాకారంలో ఉండి కొన సాగి ఉంటుంది. ఇది విషపు మొక్క, కూరకు పనికిరాదు.

అపోహ: నరికేస్తే పీడ వదులుతుంది.

వాస్తవం: తూటికాడను నరికి వదిలేయడమంటే నాటడమే. జానెడు ముక్క తడి మట్టికి తగిలినా కణుపు చుట్టూ తెల్లని వేళ్ళు పొడుచుకొస్తాయి, పక్కనే చిగురు లేస్తుంది. బోలు కాడ కనుక ముక్క మునగదు. వాలున సాగి, ఏ తూము దగ్గరో గుర్రపుడెక్కలో చిక్కుకుని అక్కడే పాతుకుంటుంది. ఒక వేసవిలో మా దగ్గర మురుగు కాలువను యంత్రంతో బాగుచేయించిన గుత్తేదారు, తీసిన పొదలన్నిటినీ గట్టు అంచునే పోయించి వెళ్ళిపోయారు. తొలకరి వానలకు అందులో సగం నీటిలోకి జారింది. సంక్రాంతి నాటికి, అంతకుముందు ఒక్క మొక్క కూడా లేని దిగువ వంతెన కింద పొదలు లేచాయి.

దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక కాలువలకు నీరు ఆపేసే రోజులే ఈ పనికి అనువైనవి. పలుగుతో మొదలు చుట్టూ తవ్వి వేరుతో సహా పెకలించి, ముక్కలన్నీ ఏరి, నీటికి దూరంగా మెరక మీద కుప్ప వేయాలి. కుప్ప అడుగున నేలకు తగిలిన కాడలు బతికిపోతాయి కాబట్టి వారానికోసారి తిరగేయాలి. వంచితే ఫెళ్ళున విరిగేదాకా ఎండిందని నమ్మవద్దు. వానలు పడ్డాక మళ్ళీ గట్టు వెంట నడిచి, కొత్తగా లేచిన లేత మొక్కలను కాయలు పట్టకముందే లాగేయాలి. ఈ రెండో విడత మానేస్తే మొదటి ఖర్చంతా వృథా.

అపోహ: పశువులు దాన్ని ముట్టవు.

వాస్తవం: మేత ఉన్నన్నాళ్ళు ముట్టవు. గడ్డి కరువైనప్పుడు మేకలు కొరుకుతాయి, ఒకసారి అలవాటు పడితే వెతుక్కుని మరీ తింటాయి. ఇందులోని స్వైన్‌సొనైన్ అనే విషం నరాలను దెబ్బతీయడం వల్ల కొన్ని వారాలకు మేక చిక్కిపోయి, తల వణికి, నడక తూలుతుంది. ముదిరితే కోలుకోదు, ఆ లక్షణాలు కనబడగానే మందను అక్కడి నుంచి తప్పించి పశువైద్యునికి చూపించాలి.

అపోహ: దాని వేళ్ళు గట్టును కాపాడతాయి.

వాస్తవం: మట్టిని కొంత పట్టుకునే మాట నిజమే. కానీ ఆ కాడల మధ్య పూడిక పేరుకుని మురుగు కాలువ ఇరుకైపోతుంది, తుఫాను నీరు లాగదు, సార్వా (ఖరీఫ్ వరి) చేను మునకలోనే ఉండిపోతుంది.

అపోహ: కలుపు మందు కొడితే సులువు.

వాస్తవం: మన ఊళ్ళలో తాగునీటి చెరువులను నింపేది ఈ కాలువలే. నీటి అంచున మందు కొట్టడాన్ని నేను ఒప్పుకోను. 2,4-డి అనే కలుపు మందు తుంపర గాలికి కొట్టుకుపోతే పక్క పెరట్లోని వంగ, టమాటా ఆకులు కూడా మెలికలు తిరిగిపోతాయి.

అపోహ: దడికి మంచి కర్ర.

వాస్తవం: పాతిన పచ్చి కర్ర వేరు వేస్తుంది. ఇప్పటికే దడిలో ఉంటే, చిగురు వేసిన కర్రలను ముందుగా పీకి, ఆ చోట వెదురో తాటి కమ్మో పెట్టుకోండి.