పాత నాణేలు, మనవలు, చింతపండు: అపోహలు - వాస్తవాలు

పరీక్ష కోసం నా దగ్గరికి వచ్చే పాత నాణేల్లో నన్ను ఎక్కువగా భయపెట్టేవి తళతళ మెరిసేవి. విక్టోరియా రాణి రూపాయి నిన్ననే చేసినట్టు మెరుస్తోందంటే, భూతద్దం తీయకముందే సంగతి సగం అర్థమైపోతుంది. అడిగితే తాతగారు సంబరంగా చెబుతారు: సెలవులకు మనవడు వచ్చాడు, ఇద్దరం కూర్చుని చింతపండుతో తోమాం, ముందు ఎంత నల్లగా ఉండేదో మీరు చూడలేదు! పక్కనే ఆ మనవడు నా ముఖం వంక ఆశగా చూస్తూ ఉంటాడు. ఈ పనిలో నాకు ఇష్టం లేని ఘడియ అదే. కాబట్టి మిగతా అపోహలను తొందరగా ముగించి అయినా సరే, దీని గురించి తీరిగ్గా చెబుతాను.

అపోహ: తోమి శుభ్రం చేస్తే నాణెం విలువ పెరుగుతుంది.

పెరగదు. పడిపోతుంది. నాణెం అచ్చు వేసేటప్పుడు ఆ ఒత్తిడికి లోహం మధ్యలోంచి అంచు వైపు పాకుతుంది. అలా పాకినప్పుడు ఉపరితలం మీద మామూలు కంటికి ఆనని సన్నటి గీతలు ఏర్పడతాయి. కొత్త నాణేన్ని దీపం కింద వంచి తిప్పితే వెలుగు చక్రంలా తిరిగేది ఆ గీతల వల్లే. ఆ మెరుపు వేరు, చింతపండు తెచ్చే మెరుపు వేరు. పులుపులోని ఆమ్లం రాగి మీద ఏళ్ళ తరబడి ఏర్పడిన గోధుమరంగు పొరను కరిగిస్తుంది, దానితో పాటు కొంచెం లోహాన్నీ తీసుకుపోతుంది. కింద బయటపడేది గులాబీ రంగు పచ్చి రాగి. సేకర్తలు దాన్ని చూడగానే పక్కన పెట్టేస్తారు. ఇక పీచు, బూడిద, టూత్‌పేస్టు అయితే నేరుగా గీతలు పెడతాయి. రాణి చెంప మీద అన్నీ ఒకే వైపుకు గీసినట్టున్న సన్నగీతలు కనిపిస్తే, తోమిన చెయ్యి ఎటు నుంచి ఎటు కదిలిందో కూడా చెప్పవచ్చు. అరిగిన లోహాన్ని తిరిగి తెచ్చే మందు లేదు.

వెండి మీది నలుపు మురికి అనుకుంటారు చాలామంది. అది గాలిలోని గంధకంతో వెండి కలిసి కట్టిన పొర. సమంగా పరుచుకుంటే దాన్ని ఇష్టపడి ఎక్కువ ధర పెట్టే సేకర్తలు ఉన్నారు. అల్యూమినియం పైసల సంగతి ఇంకా ఘోరం. పులుపుతో పని కాలేదని వాటిని బట్టల సోడాలో వేస్తారు. క్షారం ఆ లోహాన్ని తినేస్తుంది.

మట్టి అంటుకుని ఉంటే ఏం చేయాలి? డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రోజు నాననివ్వండి. తీసి మెత్తటి నూలు గుడ్డ మీద పెట్టి, పైన మరో మడత వేసి అద్దండి. రుద్దకండి. అంతకుమించి ఏమీ వద్దు. ఒక్క మినహాయింపు ఉంది: రాగి నాణెం మీద గోటితో గీరితే పొడిలా రాలే లేత పచ్చటి మచ్చలు కనిపించి, అవి పాకుతూ ఉంటే, దాన్ని మిగతా వాటి నుంచి వెంటనే వేరు చేసి, తెలిసినవాళ్ళకు చూపించండి. గట్టిగా, నున్నగా ఉన్న పచ్చదనంతో భయం లేదు.

ఇప్పటికే తోమేసినవాళ్ళు ఇది చదివి కుమిలిపోవద్దు. విక్టోరియా కాలపు వెండి రూపాయి 11.66 గ్రాములు, అందులో దాదాపు 92 శాతం వెండి. ఎంత తోమినా ఆ వెండి ధర ఎటూ పోదు. పిల్లల చేతికి ధైర్యంగా ఇవ్వడానికి కూడా అలాంటి నాణెమే మంచిది. మనవడి ముందు మాత్రం తప్పు ఎవరిదన్న పంచాయితీ పెట్టకండి.

ఒక నాయనమ్మ, మనవరాలు 1862 రూపాయి తెచ్చారు. ఆ ఏడాది అంకెతోనే అప్పటి ప్రభుత్వం పదేళ్ళకు పైగా రూపాయలు ముద్రించింది. బొంబాయి టంకశాలవారు ఏ ఏడుదో తెలియడానికి తేదీ దగ్గర చుక్కలు పెట్టారు. చుక్కల లెక్క మారితే నాణెం రకం మారుతుంది, ధరా మారుతుంది. రెండు చుక్కలున్నాయని మనవరాలు, ఒకటి మురికేనని నాయనమ్మ. రుద్దితే తేలిపోతుంది కదా అని పెద్దావిడ కొంగు అందుకుంది, పిల్ల గబుక్కున నాణెం లాక్కుంది. నీళ్ళలో నానేసి మర్నాడు చూశాం. ఒక చుక్క కరిగిపోయింది, ఒకటి నిలిచింది. నాయనమ్మే గెలిచింది, అయినా ఆ పిల్ల ఏమీ చిన్నబుచ్చుకోలేదు.

అపోహ: ఫలానా నాణెం మీ ఇంట్లో ఉంటే లక్షాధికారులే.

ఈ పుకారు గురించి మాట్లాడటానికే విసుగు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయల నాణెం మీ దగ్గర ఉందా, లక్షలిస్తాం అంటూ ఫోనులో వీడియోలు తిరుగుతూనే ఉన్నాయి. అది 2012లో వచ్చిన స్మారక నాణెం, చిల్లరలో చేతులు మారినదే. కొంటామన్నవాడు ముందుగా రిజిస్ట్రేషన్ అనీ, పన్ను అనీ మీ దగ్గరే డబ్బు అడుగుతాడు, అసలు వ్యాపారం అదే. రిజర్వ్ బ్యాంకు పేరు వాడుకుంటున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది: పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాల్లో తాము లేమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని. ఇప్పటికే డబ్బు పంపినవారు సిగ్గుపడి దాచుకోకండి, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. చదువుకున్నవాళ్ళు, బ్యాంకుల్లో పనిచేసినవాళ్ళు కూడా ఇందులో పడ్డారు.

రాముడి పట్టాభిషేకంతో 1818 అని, ఈస్టిండియా కంపెనీ పేరుతో ఉన్న అర్ధణా బిళ్ళలూ అంతే. కంపెనీ అలాంటి నాణెం ముద్రించలేదు. అది బియ్యపు గింజలను లాగుతుందనే రైస్ పుల్లింగ్ కథలు విని పొలాలు అమ్ముకున్నవాళ్ళున్నారు. లాగదు. దానికి అంతకంటే జవాబు లేదు.

అపోహ: పాతదైతే ఖరీదైనదే.

కాదు. 1943 నుంచి వచ్చిన చిల్లు కాణీలు లెక్కలేనన్ని అచ్చయ్యాయి. ఎన్ని మిగిలాయి, ఎంత బాగున్నాయి, ఎంతమంది అడుగుతున్నారు అన్నదే ధర.

అపోహ: అయస్కాంతానికి అతుక్కుంటే నకిలీ.

1947 రూపాయి నికెల్‌ది, అసలుదే అతుక్కుంటుంది. అతుక్కోనిదల్లా వెండి అనుకోవడమూ పొరపాటే, ఇత్తడీ అతుక్కోదు.

అపోహ: పాత నాణేలు ఇంట్లో ఉంటే కేసు పెడతారు.

ఉంచుకోవడం నేరం కాదు. నూరేళ్ళు దాటినవి 1972 చట్టం ప్రకారం పురావస్తువులు, విదేశాలకు పంపకూడదు. అమెరికాలోని మనవడికి కానుకగా పెట్టెలో పెట్టేముందు ఈ మాట గుర్తుంచుకోండి. భూమిలో దొరికినవైతే 1878 నిధుల చట్టం కింద కలెక్టరుకు తెలపాలి.

అపోహ: ఈ సరదాకు డబ్బుండాలి.

పోపుల డబ్బాలోనూ దేవుడి గూట్లోనూ మిగిలిపోయిన పైసలు చాలు. 25 పైసలు, అంతకు తక్కువవి 2011 జూన్ 30 తర్వాత చెల్లవు కాబట్టి ఖర్చుపెట్టేస్తారన్న బెంగా లేదు. చతురస్రపు ఒక పైసా, ఆరు మూలల మూడు పైసలు, అంచు వంపులు తిరిగిన పది పైసలు ఆకారాన్ని బట్టి వేరు చేయమంటే పిల్లలకు పూట గడిచిపోతుంది. మెత్తటి పీవీసీ కవర్లలో మాత్రం పెట్టకండి, కొన్నాళ్ళకు పచ్చటి జిగురు పడుతుంది. పాకే వయసు పిల్లలుంటే డబ్బా పై అరలో ఉండాలి, నోట్లో పెట్టుకుంటారు.

ఆకారాలు అయ్యాక సంవత్సరం కింద చూడమనండి, నాణెం ఏ టంకశాలలో తయారైందో అక్కడి గుర్తు చెబుతుంది. వజ్రం గుర్తుంటే ముంబయి, నక్షత్రముంటే హైదరాబాద్, గుండ్రటి చుక్కైతే నోయిడా. ఏమీ లేదని ఫిర్యాదు చేస్తే, అది కోల్‌కతా.