గురుగ్రహం చందమామల లెక్క

నల్లగొండ దాటి దేవరకొండ వైపు పోతే చీకటి బాగా దొరుకుతుంది. ఊళ్లో ఏ డాబా మీదైనా మామూలు బైనాక్యులర్‌ని పిట్టగోడకు ఆనించి గురుగ్రహాన్ని చూస్తే, దాని పక్కన ఒకే గీత మీద సన్నటి చుక్కలు కనిపిస్తాయి. జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టిన 48 అంగుళాల టెలిస్కోపంత సరంజామా దీనికి అక్కర్లేదు. 1610 జనవరిలో గెలీలియో చూసిన చందమామలే అవి: అయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో.

గ్రహం కేంద్రం నుంచి అయో సుమారు 4,22,000 కిలోమీటర్ల దూరంలో ఉంది. యూరోపా 6,71,000, గానిమీడ్ 10,70,000. పెద్ద దూరాన్ని దాని ముందున్న దూరంతో భాగించండి. రెండుసార్లూ 1.59 వస్తుంది.

ఇలాంటి అంకె కనపడగానే దాంట్లో ఏదో మహిమ ఉందనిపిస్తుంది. కానీ అసలు సంగతి 1.59లో లేదు, 2లో ఉంది. మూడు 1.59లను గుణిస్తే 4 వస్తుంది, అంటే రెండు రెళ్లు. దూరం ఘనం ఎన్ని రెట్లు పెరిగితే, చుట్టు తిరిగే కాలం వర్గం అన్ని రెట్లు పెరుగుతుందని ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ చెప్పింది ఇదే. అయో చుట్టుకు సుమారు 42 గంటల 30 నిమిషాలు, యూరోపాకు 85 గంటలు, గానిమీడ్‌కు 172. గానిమీడ్ ఒక్క చుట్టు తిరిగేసరికి యూరోపా రెండు, అయో నాలుగు తిరుగుతాయి.

అయో, యూరోపా ప్రతిసారీ కక్ష్యలో ఇంచుమించు ఒకే చోట కలుస్తాయి. అందుకే యూరోపా లాగుడు అదే తీరుగా మళ్లీ మళ్లీ పడి, అయో కక్ష్యను పూర్తి గుండ్రం కానివ్వదు. దాంతో అయో గురుగ్రహానికి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా పోతూ సాగి, నలిగి లోపల వేడెక్కుతుంది. అక్కడ అగ్నిపర్వతాలు ఉండొచ్చని ముగ్గురు శాస్త్రవేత్తలు ముందే లెక్కగట్టారు. 1979 మార్చిలో వాయేజర్-1 వ్యోమనౌక అవి పేలుతుండగా ఫొటోలు తీసింది. లెక్క ఇంత సూటిగా రుజువైన సందర్భాలు అరుదు, నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

కాలిస్టో ఈ వరుసలో లేదు, దాని నిష్పత్తి 1.76. యురేనస్ పెద్ద చందమామల్లోనైతే 1.34 నుంచి 1.64 దాకా ఎటుపడితే అటు ఉంటుంది. కాబట్టి అన్ని గ్రహాలకూ పనికొచ్చే ఒక్క సూత్రం కోసం వెతకడం దండగ. కాలాలు జతకుదిరిన చోటే దూరాలూ కుదురుతాయి. శని చుట్టూ తిరిగే ఎన్సెలాడస్, డయోనీల మధ్య కూడా అదే 1.59.

మీరే చూసుకోవచ్చు. గురుగ్రహం బాగా కనిపించే రోజుల్లో, ఒక శనివారం రాత్రి ఏడింటికి చుక్కల బొమ్మ గీసి పెట్టుకోండి. వచ్చే శనివారం తొమ్మిదిన్నర ప్రాంతంలో మళ్లీ చూస్తే అయో, యూరోపా, గానిమీడ్ దాదాపు అదే బొమ్మలో ఉంటాయి. కాలిస్టో మాత్రం తన కక్ష్యలో అవతలి వైపుకు పోయి ఉంటుంది.