గాజు దూలం విరగకముందే ఒరుగుతుంది: కొన్ని అపోహలు, వాస్తవాలు

సమీక్ష కోసం నా దగ్గరకు వచ్చే గాజు బీముల (దూలాల) లెక్కల్లో చాలావరకు ఒకే అంకె దగ్గర ఆగిపోతాయి: 120 మెగాపాస్కల్. యూరప్ ప్రమాణాలు టఫెన్డ్ గాజుకు (వేడిచేసి, చల్లార్చి బలం పెంచిన గాజు) ఇచ్చిన వంపు బలం అది. ప్రతిబలం, అంటే బరువుకు గాజు లోపల పుట్టే ఒత్తిడి, అంతకంటే తక్కువని చూపించి సంతకం పెట్టేస్తారు. పొడవాటి, సన్నని గాజు బీము విషయంలో ఆ అంకె వరకు వెళ్లే అవకాశమే చాలాసార్లు రాదు. ఈ సంగతి వివరంగా రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను.

అపోహ: టఫెన్డ్ గాజు వాడితే బక్లింగ్ (నొక్కుడుకు పక్కకు ఒరిగిపోవడం) భయం ఉండదు.

ప్లాస్టిక్ స్కేలును అంచు మీద నిలబెట్టి, రెండు కొసలూ పట్టుకుని నడుమ కిందికి దిగేలా వంచి చూడండి. విరగకముందే దాని నడుము పక్కకు జారి మెలితిరుగుతుంది. పై అంచు నొక్కుకుపోతూ, తప్పించుకోవడానికి పక్కదారి వెతుక్కుంటుంది. దాన్ని ఆపేది పదార్థం బలం కాదు, బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం. గాజును వేడిచేసి ఒక్కసారిగా చల్లార్చితే బలం పెరుగుతుంది కానీ బిగువు పెరగదు. మామూలు గాజుదైనా టఫెన్డ్ గాజుదైనా ఈ బిగువును కొలిచే స్థితిస్థాపక గుణకం 70 గిగాపాస్కలే. అంటే ఉక్కులో మూడో వంతు.

ఒక లెక్క చూద్దాం. పొడవు 4 మీటర్లు, ఎత్తు 300 మి.మీ., మందం 20 మి.మీ. రెండు కొసలూ మెలితిరగకుండా బిగించి ఉన్నాయి, పొడవునా ఒకే వంపు భ్రామకం (బీమును వంచే ప్రభావం) పడుతోంది. ఏ వంకరా లేని ఆదర్శ బీము అయినా సుమారు 13.7 కిలోన్యూటన్ మీటర్ల దగ్గర ఒరిగిపోతుంది. అప్పటికి అంచు మీది ప్రతిబలం 46 మెగాపాస్కల్ మాత్రమే. 120 ఇంకెంతో దూరంలో ఉంది.

అపోహ: 10 + 10 అంటే 20.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించేది ఇదే. లామినేటెడ్ బీములో రెండు గాజు పలకల మధ్య ఉండేది ప్లాస్టిక్ పొర. ఆ పొర గట్టిగా ఉన్నంతసేపే రెండు పలకలూ ఒక్కటిగా పనిచేస్తాయి. అది మెత్తబడితే ఒకదాని మీద ఒకటి జారుతూ, విడివిడి పలకల్లా వంగుతాయి. పక్క బిగువు మందం ఘనాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, 20 మి.మీ. ఒకే పలకతో పోలిస్తే విడివడిన రెండు 10 మి.మీ. పలకల బిగువు నాలుగో వంతే. పై లెక్కలోని 13.7 కాస్తా 3.4కు పడిపోతుంది. అంటే 11 మెగాపాస్కల్ దగ్గరే బీము ఒరుగుతుంది. అసలు విలువ ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఉంటుంది. ఎక్కడ అన్నది ముఖ్యంగా తేల్చేవి రెండు: ఉష్ణోగ్రత, బరువు ఎంతసేపు ఉంటుందన్నది.

మామూలుగా వాడే ప్లాస్టిక్ పొర పీవీబీ. దాని కోత గుణకం (జారుడును ఎదిరించే బిగువు) 20 డిగ్రీల దగ్గర, మూడు సెకన్ల గాలి తాకిడికి సుమారు 8 మెగాపాస్కల్ ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర అదే తాకిడికి ఒకటి కూడా మిగలదు. అందుబాటులో ఉన్న ఉదాహరణ లెక్కల్లో చాలా వాటికి ఆధారం యూరప్ వాతావరణం. మేనెలలో తెలంగాణ ఎండకు గాలే 44, 45 డిగ్రీలకు చేరుతుంది. ఎండలో ఉన్న గాజు దానికి మించి వేడెక్కుతుంది. పూర్తిగా ఎండ పడే పైకప్పుకు 20 డిగ్రీల విలువతో చేసిన లెక్క ఒకటి నా బల్ల మీదకు వచ్చింది. మూడుసార్లు తిప్పి పంపాను. మార్చింది ఒక్క అంకె, కానీ బీము మందం మొత్తం మళ్లీ నిర్ణయించాల్సి వచ్చింది. అయానోప్లాస్ట్ అనే మరో రకం పొర చాలా గట్టిది, ఖరీదు ఎక్కువ. అయినా అదీ 50 డిగ్రీలు దాటేకొద్దీ మెత్తబడుతుంది. ఏళ్ల తరబడి నిలిచే బరువుకైతే పీవీబీ జోడింపును నేను అసలు లెక్కలోకే తీసుకోను.

అపోహ: గాజు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది.

టఫెనింగ్ కొలిమిలో రోలర్ల మీద నుంచి వచ్చిన పలకకు ఎంతో కొంత విల్లు వంపు ఉంటుంది. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన యాన్ బెలిస్, సహ పరిశోధకులు వందలాది గాజు ముక్కల వంపును కొలిచి, డిజైనులో పొడవులో 400వ వంతు తీసుకోవచ్చని సూచించారు. 4 మీటర్లకు అది 10 మి.మీ. ఇలాంటి బీము ఒక్కసారిగా ఒరగదు. మొదటి బరువు నుంచే మెల్లగా పక్కకు వంగుతూ, ఒక వైపు తలాన్ని మరింత సాగదీస్తుంది. గాజు బలం అక్కరకు వచ్చేది ఇక్కడే. ఉక్కు బీములు ఎంత బరువుకు ఒరుగుతాయో చెప్పే బక్లింగ్ వక్రరేఖలను తెచ్చి గాజుకు అంటించడం సరికాదు. ఉక్కు లొంగి సాగుతుంది, గాజు సాగదు.

అపోహ: సిలికాన్ జిగురు పట్టుకుని ఉంది కదా!

ఏ అంచును పట్టుకుంది అన్నదే ప్రశ్న. అద్దాల గోడ వెనుక దానికి ఊతంగా నిలబెట్టే గాజు పట్టీ అయిన నిలువు ఫిన్‌ను తీసుకోండి. గాలి గోడను లోపలికి తోస్తే నొక్కుకుపోయేది గోడకు అతికిన అంచు. సిలికాన్ దాన్ని పట్టి ఉంచుతుంది. గాలి బయటికి గుంజినప్పుడు నొక్కుకుపోయేది గదిలోకి పొడుచుకొచ్చిన అంచు. దాన్ని పట్టుకున్నది ఏదీ లేదు. గాలి ఎత్తివేసే పైకప్పు బీముకూ ఇదే వర్తిస్తుంది. విశాఖపట్నానికి మన ప్రమాణం ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. అక్కడ గుంజుడును విడిగా లెక్కించని డిజైనును ఒప్పుకోవద్దు.

అపోహ: మూడు పలకల్లో ఒకటి పగిలితే రెండొంతుల బలం మిగులుతుంది.

పలకలన్నీ ఒక్కటిగా పనిచేస్తున్నాయని లెక్క వేసి ఉంటే, మందం మూడింట రెండు వంతులైనప్పుడు పక్క బిగువు సుమారు 30 శాతానికి దిగుతుంది. పగిలిన టఫెన్డ్ పలక చిన్న ముక్కలై పొరకు అంటుకుని ఉంటుంది. దాని బరువు బీము మీదే ఉంటుంది, సాయం మాత్రం దాదాపు ఉండదు. అందుకే ఏ డ్రాయింగు వచ్చినా రెండో లెక్క అడుగుతాను: బయటి పలక ఒకటి పోయింది, ఎండ మండుతోంది, కొత్త పలక వచ్చేదాకా పైకప్పు బరువు అలాగే ఉంది. ఆ స్థితిలో బీము ఒరుగుతుందా, లేదా?