నిన్న నడిచిన కార్ట్రిడ్జ్ ఇవాళ ఎందుకు నడవదు?

విశాఖ ద్వారకానగర్, మద్దిలపాలెం జిరాక్స్ షాపుల్లో మళ్లీ అదే మాట వినిపిస్తోంది. రాత్రి షట్టర్ దించేటప్పుడు బాగానే ఉన్న ప్రింటర్, పొద్దున్నే ఆన్ చేస్తే రీఫిల్ కార్ట్రిడ్జ్‌ని ఒప్పుకోనంటోంది. కార్ట్రిడ్జ్ మారలేదు, పౌడర్ మారలేదు, ప్యానెల్ మీద ఎవరూ ఏదీ నొక్కలేదు. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ఒరిజినల్ కొనుక్కోమంటారు. హాల్ టికెట్ కోసం లైన్లో నిలబడ్డ పిల్లలకు ఈ గొడవతో పని లేదు. వాళ్లకు పేజీ చేతికి రావాలి.

ప్రింటర్లు ఎలా పుట్టాయో, లేజర్ ఎలా పనిచేస్తుందో ఇక్కడ మళ్లీ చెప్పుకోనక్కర్లేదు. ఈ తగాదాకి సంబంధించినంత వరకు చూడాల్సింది ఒక్కటే. ప్రింటర్‌కి హుకుం ఇచ్చేది ఎవరు, ఆ హుకుం ఎంతసేపు చెల్లుతుంది?

డాట్ మ్యాట్రిక్స్ కాలంలో దీనికి జవాబు తేలికగా దొరికేది. 1980లో వచ్చిన ఎప్సన్ ఎంఎక్స్-80 లాంటి మిషన్లలో సెట్టింగులన్నీ బుల్లి డిప్ స్విచ్‌లలో ఉండేవి. కరెంటు ఆపి, చిన్న స్క్రూడ్రైవర్ కొనతో వాటిని అటో ఇటో నెట్టాలి. కంప్యూటర్ పంపే ఆజ్ఞలు వేరే. 27 అనే సంఖ్య, దాని వెనకే ఒక అక్షరాన్ని సూచించే సంఖ్య. 27, 69 పంపితే అక్షరాలు బొద్దుగా పడతాయి. 27, 64 పంపితే అన్నీ మొదటి స్థితికి వస్తాయి. మిషన్ ఆపి మళ్లీ వేస్తే కంప్యూటర్ చెప్పినవన్నీ చెరిగిపోయేవి, స్విచ్‌లు చెప్పినవి మిగిలేవి. అంటే చివరి మాట మిషన్ పక్కన ఉన్న మనిషిదే.

1984లో హెచ్‌పీ లేజర్‌జెట్ వచ్చాక స్విచ్‌ల పని మెల్లగా ప్యానెల్ మీదకి చేరింది. ఆజ్ఞల భాష కూడా మారింది. ఎప్సన్‌లో అక్షరాన్ని బొద్దు చేసే అదే 27, 69 ఇక్కడ మొత్తం రీసెట్ చేస్తుంది. దీంతోపాటు ఒక నియమం స్థిరపడింది. ప్యానెల్ ఒకటి చెప్పి, కంప్యూటర్ ఇంకొకటి చెబితే కంప్యూటర్ మాటే నెగ్గుతుంది. మన ఊళ్లో దీని ఫలితం వానాకాలంలో తెలుస్తుంది. సముద్రపు గాలికి కాగితం చెమ్మ పట్టి, ప్రింటయ్యాక చుట్టుకుపోతుంది. అందుకని ఆపరేటర్ ప్యానెల్‌లో పేపర్ టైప్ ‘లైట్’ అని పెడతాడు, పౌడర్‌ని కాగితానికి అతికించే రోలర్ వేడి తగ్గుతుంది. కస్టమర్ లాప్‌టాప్‌లోని డ్రైవర్ (ప్రింటర్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్) ‘ప్లెయిన్’ అని పంపితే ఆ జాబ్, అంటే ఆ ఒక్క ప్రింట్ పని వరకు వేడి మళ్లీ పెరుగుతుంది. ఆ జాబ్ అయ్యాక ప్యానెల్ మాటకి విలువ తిరిగి వచ్చేది. అది భరించదగ్గ ఇబ్బందే.

నా లెక్కలో అసలు మలుపు 1990ల మొదట్లో హెచ్‌పీ తెచ్చిన పీజేఎల్, అంటే ప్రింటర్ జాబ్ లాంగ్వేజ్. అందులో ‘సెట్’ అని ఒక ఆజ్ఞ ఉంది, దాని ఆయుష్షు ఆ జాబ్ వరకే. ‘డిఫాల్ట్’ అని ఇంకొకటి ఉంది. అది మిషన్ లోపలి మెమరీలో కూర్చుంటుంది, జాబ్ అయిపోయినా పోదు, కరెంటు తీసినా పోదు. ప్యానెల్ మీద కనిపించే అక్షరాల్ని మార్చే ఆజ్ఞ ఉంది. ఆఖరికి ప్యానెల్‌కే తాళం వేసే ఆజ్ఞ కూడా ఉంది. ఆ తాళానికి పాస్‌వర్డ్ 65535 లోపు ఒక సంఖ్య, అంతే. ఆఫీసుల్లో పదుల ప్రింటర్లు చూసుకునేవాళ్లకి ఇదంతా నిజంగా సాయపడింది, కాదనను. కానీ ఆ రోజు నుంచి, మనిషి వేలితో పెట్టిన సెట్టింగ్‌ని తీగ మీద వచ్చే మాట శాశ్వతంగా మార్చగలిగింది.

ఆ దారి ఎంత వెడల్పైందో 2011లో కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు. మామూలు ప్రింట్ జాబ్‌లా కనిపించే ఫైల్ పంపి, హెచ్‌పీ లేజర్‌జెట్ ఫర్మ్‌వేర్‌నే మార్చేశారు. ఫర్మ్‌వేర్ అంటే మిషన్‌ని లోపల నుంచి నడిపించే ప్రోగ్రామ్. కంపెనీ ఆ లోపాన్ని సరిచేస్తూ అప్‌డేట్లు ఇచ్చింది. ఐదేళ్లకు, 2016 సెప్టెంబరు 13న, హెచ్‌పీ ఆఫీస్‌జెట్ ప్రింటర్లు చాలాచోట్ల ఒక్కసారిగా వేరే కంపెనీల కార్ట్రిడ్జ్‌లను తిరస్కరించాయి. నెలల ముందే వచ్చిన ఫర్మ్‌వేర్‌లో ఆ తేదీ దాగి ఉంది. గోల లేచాక, ముందుగా సరిగా చెప్పలేదని కంపెనీ అదే నెలలో క్షమాపణ చెప్పింది. ఆ పద్ధతిని మాత్రం వదులుకోలేదు.

కంపెనీల వాదన: కార్ట్రిడ్జ్ మీద ఉండే, ప్రింటర్ దాన్ని గుర్తుపట్టే నకిలీ చిప్‌ల వల్ల భద్రతకు ముప్పు, ప్రింట్ నాణ్యత దెబ్బతింటుంది.

షాపుల వాళ్లు చెప్పేది ఇంకాస్త వినాలి. వాళ్లు సాఫ్ట్‌వేర్‌కి వ్యతిరేకులు కారు. మన దగ్గర ఏళ్ల తరబడి అన్నం పెట్టిన టెన్ ట్వంటీ, అంటే లేజర్‌జెట్ 1020కి అసలు ప్యానెలే లేదు, రెండు లైట్లు తప్ప. ఆన్ చేసిన ప్రతిసారీ దాని ఫర్మ్‌వేర్ కంప్యూటర్ నుంచే వెళ్లాలి. అంత పరాధీనమైన మిషన్ కూడా చిప్ లేని ట్వెల్వ్ ఏ కార్ట్రిడ్జ్‌లో ఎవరు పౌడర్ నింపారని ఏనాడూ అడగలేదు. ఎందుకంటే ఆజ్ఞ పంపే కంప్యూటర్ ఆ షాపుదే. ఇప్పుడు ఆజ్ఞ ఇంటర్నెట్ మీద కంపెనీ సర్వర్ నుంచి వస్తోంది, మిషన్‌కి డబ్బు కట్టిన మనిషిని అడగకుండా. పేజీకి రూపాయో రెండో తీసుకునేవాళ్లకి ఒరిజినల్ టోనర్ ధర గిట్టదు. ఇది మొండితనం కాదు, వాళ్ల బతుకు లెక్క.

పోయిన వర్షాకాలంలో మా అమ్మ పెన్షన్ కాగితాలు ప్రింట్ తీయించడానికి వెళ్తే, సీతమ్మధారలో ఒకాయన రెండు మిషన్లు పక్కకి పెట్టి మూడో దాని మీద తీసిచ్చారు. ఆ మూడో దానికి ఆయన వైఫై ఎప్పుడూ ఇవ్వలేదు, యూఎస్‌బీ తీగ ఒక్కటే. ప్యానెల్‌లో ఆటో అప్‌డేట్ ఆపేశారు. పక్కకి పెట్టిన రెండింట్లో ఒకదానికి కూడా అలాగే ఆపారట, కానీ అప్పటికే కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కేసింది. పాతదానికి తిరిగి వెళ్లే దారి చాలా మోడళ్లలో ఉంచరు. షాపుల వాళ్లు ఇప్పుడు అడుగుతున్నది ఆ దారినే.