దురద తగ్గింది, తామర తగ్గలేదు

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఎండ కన్నా ఉక్కపోతే మనిషిని ఎక్కువ వేధిస్తుంది. వరి మళ్లలో, రొయ్యల చెరువుల గట్ల మీద, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవారికి పగలంతా ఒంటి మీది బట్ట ఆరదు. గజ్జల్లో, చంకల్లో, మొలతాడు కింద, చెమట నిలిచే చోటల్లా తామర పుట్టుకొస్తుంది.

తామరను కలిగించేది శిలీంధ్రం. చర్మం పైపొరలోని కెరాటిన్ అనే ప్రోటీనే దానికి తిండి. సాధారణంగా అది అంతకన్నా లోపలికి దిగదు. మనం చూసే ఎరుపు, పడే దురద చాలావరకు దాన్ని వదిలించుకోవడానికి శరీరం చేసే పోరాటానికి గుర్తులు.

ఇక్కడే మందుల షాపులో చీటీ లేకుండా దొరికే ట్యూబు కొంప ముంచుతోంది. అందులో శిలీంధ్రాన్ని చంపే మందుతో పాటు క్లోబెటసాల్ వంటి గట్టి స్టెరాయిడ్, తరచు ఒక యాంటీబయాటిక్ కూడా కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే అణచివేస్తుంది. రెండు మూడు రోజుల్లో దురద పోతుంది, మనిషి పూత మానేస్తాడు, అడ్డులేని శిలీంధ్రం పక్కకు పాకుతుంది. మచ్చకు ఉండే గుండ్రటి అంచు కూడా చెరిగిపోవడంతో ఒక్కోసారి వైద్యులే పోల్చుకోలేరు. వాడగా వాడగా చర్మం పలచబడి చారలు పడతాయి. కూలి పోగొట్టుకుని ఆసుపత్రికి వెళ్లలేని మనిషిని నేను తప్పుపట్టను. 2018లో కేంద్రం పలు స్టెరాయిడ్ పూతమందులను చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అమలు ఎలా ఉందో ఏ ఊళ్లోనైనా కౌంటరు ముందు నిలబడితే తెలుస్తుంది.

ఈలోగా శిలీంధ్రమూ మారింది. చాలాకాలం తామరకు నమ్మకమైన మందు టెర్బినఫిన్. శిలీంధ్రం తన కణపొరకు అవసరమైన ఎర్గోస్టెరాల్‌ను స్క్వాలీన్ నుంచి తయారుచేసుకుంటుంది. ఆ తయారీలో మొదటి మెట్టు దగ్గరి ఎంజైమును టెర్బినఫిన్ పట్టుకుని ఆపుతుంది. ఎర్గోస్టెరాల్ కరువై, స్క్వాలీన్ పేరుకుపోయి కణం చస్తుంది. మన దేశంలో విస్తరించిన రకంలో ఆ ఎంజైములోని 397వ స్థానంలో ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లానికి (ప్రోటీను గొలుసులోని ఒక పూసకు) బదులు తరచు లూసిన్ కనిపిస్తోంది. ఆ ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, మందుకు పట్టు చిక్కదు. నేపాల్, భారత్‌లకు చెందిన రోగుల నుంచి సేకరించిన నమూనాలను పరిశీలించి, జపాన్ పరిశోధకులు 2020లో దీన్ని ట్రైకోఫైటాన్ ఇండోటినియే పేరుతో కొత్త జాతిగా వర్ణించారు. స్టెరాయిడ్ ట్యూబుల విచ్చలవిడి వాడకం, మధ్యలో ఆపేసిన చికిత్సలు దీని వ్యాప్తికి తోడ్పడ్డాయని చాలామంది చర్మవైద్యుల అనుమానం.

అందుకే ఇప్పుడు వైద్యులు ఇట్రకొనజోల్ అనే మరో శిలీంధ్రనాశక మందు వైపు ఎక్కువగా మొగ్గుతున్నారు. అది ఎర్గోస్టెరాల్ తయారీని మరో మెట్టు దగ్గర అడ్డుకుంటుంది. మచ్చ మాయమైనంత మాత్రాన ఆపకుండా, వైద్యుడు చెప్పినన్నాళ్లూ మందు వాడాలి. ఇంట్లో ఇంకెవరికైనా తామర ఉంటే వారికీ ఒకేసారి చికిత్స జరగాలి. తువ్వాళ్లు ఎవరివి వారికే ఉండాలి. తడిసిన మొలతాడు తీసేయాలి.

ఇట్రకొనజోల్‌తో ఇంకో చిక్కుంది. గుండె బలహీనంగా ఉన్నవారికి, గర్భిణులకు ఇది సాధారణంగా పనికిరాదు. మామూలు క్యాప్సూల్ ఒంటబట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి, కాబట్టి భోజనం చేసిన వెంటనే వేసుకోవాలి. మనవాళ్లలో పొద్దున లేవగానే గ్యాస్ మాత్ర మింగే అలవాటు చాలామందికి ఉంది. ఆ మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తే క్యాప్సూల్ సరిగా రక్తంలోకి చేరదు. మందు మార్చినా తామర తగ్గలేదని వచ్చినవారిని, రోజూ వేసుకునే మాత్రలేమిటో వైద్యులు ముందుగా అడగాల్సి వస్తోంది.