పేటెంట్: ముందు చూపించి తర్వాత ఫైల్ చేద్దామంటే...

"ముందు నలుగురికీ చూపిస్తానండీ, బాగుందంటే అప్పుడే పేటెంట్ వేద్దాం." పేటెంట్ ఏజెంటుగా నేను రోజూ వినే మాట ఇది. సొంతంగా కష్టపడి కనిపెట్టేవాళ్లను ఇంతగా ముంచే అపోహ ఇంకోటి లేదు.

పేటెంట్ రావాలంటే, ఫైల్ చేసే రోజుకి మీరు కనిపెట్టింది లోకానికి కొత్తదై ఉండాలి. బయటపెట్టింది మీరే అయినా సరే, మీ వీడియోనే మీకు ప్రయర్ ఆర్ట్, అంటే అప్పటికే లోకానికి తెలిసిన సంగతి, అయి కూర్చుంటుంది. అమెరికాలో అయితే, బయటపెట్టాక కూడా ఫైల్ చేయడానికి కనిపెట్టినవాళ్లకు 1 సంవత్సరం వెసులుబాటు ఉంది. ఆ ముక్క ఎక్కడో విని అన్నిచోట్లా అంతే అనుకుంటారు. యూరప్‌లో మామూలుగా అది దొరకదు.

ఒకాయన రెండేళ్లు కష్టపడి చేసిన వాల్వును పాత తువ్వాలులో చుట్టి తెచ్చారు. చక్కటి పని. ఎవరికైనా చూపించారా అని అడిగితే సంతోషంగా ఫోన్ తీశారు. మూత విప్పి, స్ప్రింగ్ ఎలా కూర్చుంటుందో దగ్గరగా చూపించిన వీడియో. పెట్టి 14 నెలలైంది. "ఇప్పుడు తీసేస్తే సరిపోతుందా?" అన్నారు. సరిపోదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అదృష్టం, వీడియో తర్వాత ఆయన వాల్వు లోపలి సీటు ఆకారం మార్చారు, దాంతో కారడం ఆగింది. ఆ మార్పు వరకే క్లెయిములు, అంటే మనదని హక్కు కోరే వాక్యాలు, రాసి ఫైల్ చేశాం. అసలు ఆలోచన మాత్రం చేజారిపోయింది.

కాబట్టి మొదలుపెట్టేటప్పుడు నోరు కట్టేసుకోండి. చూపించక తప్పకపోతే గోప్యతా ఒప్పందం మీద సంతకం తీసుకోండి. అలాంటిది ఇప్పటికే ఉందేమో ఎస్పాసెనెట్, పేటెంట్‌స్కోప్ అనే పేటెంట్ల వెబ్‌సైట్లలో ఉచితంగా వెతకండి. తర్వాత బొమ్మలతో సహా, ఆ పని తెలిసినవాడు చదివి తయారుచేయగలిగేలా రాయండి. ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు) ఉన్న దేశమైతే ముందు అది వేసి, 12 నెలల్లోపు పూర్తి దరఖాస్తు వేయవచ్చు. కానీ ప్రొవిజనల్‌లో రాసినదానికే ఆ తేదీ దక్కుతుంది. అర పేజీ రాసి పడేస్తే అర పేజీకే రక్షణ.

మిగతావి గబగబా చెప్తాను. నమూనా చేసి చూపించక్కర్లేదు. తేదీకి సాక్ష్యమని మీకు మీరే సీలు వేసి పోస్టు చేసుకున్న కవరు దేనికీ పనికిరాదు, ముందు ఫైల్ చేసినవారిదే హక్కు. అమెరికా కూడా 2013 మార్చి 16 నుంచి ఆ దారికే వచ్చింది. ప్రపంచ పేటెంట్ అనేది లేనే లేదు. పీసీటీ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద వేసేది చాలా దేశాలకు కలిపి ఒక దరఖాస్తు మాత్రమే, మొదటి ఫైలింగ్ నుంచి సాధారణంగా 30 నెలల్లో ఏ దేశానికి ఆ దేశంలో విడిగా అడుగుపెట్టాలి.

ఇప్పటికే ఎవరికో చూపించేసి భయపడుతున్నారా? ఏ తేదీన, ఎవరికి, ఎంతవరకు చూపించారో ఈరోజే కాగితం మీద రాసుకుని ఏజెంటు దగ్గరికి వెళ్లండి. ఏదీ దాచకండి.